అజీజ్‌నగర్‌ను ఎవరడిగారు?



ఈ పోస్టు ఒక దస్తర్‌ఖాన్ దగ్గర పుట్టింది. ఈద్ తర్వాతి ఆదివారం మా ఫుప్పు వాళ్ళింటికి దావత్‌కు వెళ్ళాం. వాళ్ళది అజీజ్‌నగర్. లంగర్‌హౌజ్ దాటి, అప్పా జంక్షన్ దాటి చేవెళ్ళ రోడ్డు పట్టుకుంటే మొయినాబాద్ కంటే ముందే వస్తుంది. ఊరికి ఉత్తరాన గండిపేట, అంటే ఉస్మాన్ సాగర్. దక్షిణాన హిమాయత్ సాగర్. ఒకటి మూసీ మీద, ఇంకొకటి ఈసా మీద. మధ్యలో ఈ ఊరు. నగరానికి ఇన్ని నీళ్ళిచ్చిన రెండు తాలాబ్‌ల మధ్య ఉన్నా మా ఫుప్పా మాత్రం జీవితమంతా బోరు నీళ్ళతోనే కూరగాయలు పండించారు.

ఖట్టీ దాల్, తలావా గోష్ వడ్డించాక బాత్‌చీత్ మొదలైంది. మా చెల్లెలి కొడుకు గ్రూప్-2కి చదువుతున్నాడు. ఎకానమీ పుస్తకం అప్పుడే పూర్తి చేసినట్టున్నాడు, మాంచి జోష్ మీద ఉన్నాడు. "మామూజాన్, చైనాల పైనోళ్ళు ఒక్కమాట జెప్తే పనైతది. మన దగ్గర వంద మందిని అడగాలె, వంద మంది వంద తీర్ల అంటరు. నిజాం సర్కార్ ఎవర్నన్నా అడిగిందా? గండిపేట కట్టలేదా? వందేళ్ళయినా చెక్కు చెదరలేదు గదా!"

మా ఫుప్పా నోట్లో ముద్ద నమిలి మింగేదాకా ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "బేటా, గండిపేట కట్టినప్పుడు మా దాదాలను అడగలె. జీవో ఏసినప్పుడు నన్ను అడగలె. జీవో తీసేస్తమన్నప్పుడు గూడ అడగలె. మేము మాత్రం ఈడనే ఉన్నం."

వాపస్ వస్తుంటే దారంతా ఈ రెండు మాటలే నా దిమాగ్‌లో తిరిగాయి. పిల్లవాడి సవాల్ తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఒక చోట కూర్చున్న కొద్దిమంది ఆలిమ్‌లు, ఇంజినీర్లు, అఫ్సర్లు కలిసి ముల్క్ మొత్తానికీ మన్సూబా వేయొచ్చా? ఎక్కడ ఏం కట్టాలి, ఎవరు ఎంత గల్లా ఇవ్వాలి, ఎవరి జమీన్ దేనికి వాడాలి అన్నది అవామ్‌ను అడగకుండా నిర్ణయిస్తే ఆ మన్సూబా నడుస్తుందా? దీనికి జవాబు మాస్కోలోనో బీజింగ్‌లోనో వెతకాల్సిన పని లేదు. చాలావరకు అజీజ్‌నగర్ చుట్టూనే దొరుకుతుంది.

తుగ్యానీ నేర్పిన సబక్

ముందు పిల్లవాడి వైపు న్యాయం చెప్పాలి.

1908 సెప్టెంబర్ 28. మూసీ తుగ్యానీ గురించి వినని హైదరాబాదీ ఖాందాన్ ఉండదు. సుమారు 15,000 మంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని మన పెద్దలు చెప్పుకునే చెట్టు ఇంకా అక్కడే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హుకూమత్ మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ముందు కొలతలు తీసుకున్నారు. ఎక్కడ ఎంత వాన పడింది, నీళ్ళు ఏ గోడ మీద ఏ ఎత్తు వరకు వచ్చాయి, పైనున్న పల్లెల్లో ఎన్ని చెరువులు ఉన్నాయి, ఎన్ని తెగాయి అని లెక్క తీశారు. నగరానికి ఎగువన 700కు పైగా చెరువులు ఉన్నాయనీ, వాటిలో 200కు పైగా ఆ వానకు తెగాయనీ తేలింది. కాబట్టి నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసా మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టమని సలహా ఇచ్చారు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో పని జరిగింది. నగరం కోసం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద తీవ్రత తగ్గింది, నగరానికి తాగే నీళ్ళు వచ్చాయి. ఒక ఎలక్షన్ లేదు, ఒక బహస్ లేదు. 1893లో ఏర్పడిన లెజిస్లేటివ్ కౌన్సిల్ ఉండేది గానీ అందులో ఎక్కువమంది సర్కార్ నియమించినవాళ్ళే. మునిగిన పొలాలవాళ్ళకు దాంట్లో ఒక కుర్సీ లేదు. అయినా మన్సూబా సఫల్ అయింది. ఇది హకీకత్, దీన్ని దాచి బహస్ చేయకూడదు.

ఇదే విశ్వేశ్వరయ్య 1934లో "ప్లాన్డ్ ఎకానమీ ఫర్ ఇండియా" అనే పుస్తకం రాశారు. మన ముల్క్‌లో పదేళ్ళ ఆర్థిక ప్రణాళిక గురించి వచ్చిన తొలి పుస్తకాల్లో అదొకటి. అంటే గండిపేట ఆలోచన చేసిన దిమాగే తర్వాత ముల్క్ మొత్తానికీ మన్సూబాబందీ చేయొచ్చని అనుకుంది. ఒక నదికి కుదిరింది కదా, మొత్తం మయీషత్‌కు ఎందుకు కుదరదు? అప్పట్లో చాలామంది చదువుకున్నవాళ్ళు ఇలాగే అనుకున్నారు.

ఎందుకు కుదరదో అదే నిజాం హుకూమత్ చేసిన ఇంకో పనిలో కనిపిస్తుంది.

అదే హుకూమత్, అదే ఫర్మాన్, ఇంకో అంజామ్

రెండో ప్రపంచ జంగ్. 1942లో జపాన్ ఫౌజ్ బర్మాను పట్టుకుంది, బర్మా బియ్యం ఆగిపోయింది. 1943లో బెంగాల్‌లో కహత్ వచ్చి లక్షల మంది ఆకలితో పోయారు. హైదరాబాద్ రియాసత్‌కు కూడా భయం పట్టుకుంది. నగరానికి గల్లా కావాలి, రేషన్ నడపాలి. అందుకని రైతుల దగ్గర నుంచి సర్కార్ ధరకు కొంత ధాన్యం జబర్దస్తీగా వసూలు చేసే పద్ధతి పెట్టింది. అదే లెవీ. మా దాదీ ఆ మాటను చివరి రోజుల దాకా "లేవీ గల్లా" అని ఒక రకంగా మూతి విరిచి అనేది.

నీయత్ చెడ్డదని అనలేం. నగరంలో ఘరీబ్ జనం ఆకలితో చావకూడదనే కదా. కానీ ఇక్కడ కొలవాల్సింది వాననూ నది ఎత్తునూ కాదు. ఏ ఇంట్లో ఎంత ధాన్యం ఉంది, ఆ ఇంట్లో ఎంతమంది తినేవాళ్ళున్నారు, విత్తనాలకు ఎంత దాచాలి, ఏ చేను ఈసారి ఎండింది అన్నది తెలియాలి. ఈ ఇల్మ్ ఎక్కడుంది? లక్షల ఇళ్ళల్లో, లక్షల దిలాల్లో ఉంది. సర్కార్‌కు చేరేది మాత్రం పట్వారీ, మాలీపటేల్ రాసిన కాగితం. పట్వారీ ఎవరి ముందు వంగి కూర్చుంటాడో మనందరికీ తెలుసు. వందల, వేల ఎకరాల దేశ్‌ముఖ్‌ల గాదెలు తప్పించుకున్నాయి. నాలుగెకరాల రైతు ఇంట్లో తినే గింజలు కూడా పోయాయి. ఫిర్యాద్ చేద్దామంటే వినేది ఆ పట్వారీ, ఆ గిర్దావర్, ఆ తహసీల్‌దారే.

నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో లెవీ, వెట్టి, బేదఖలీ మూడూ కలిసి పల్లెలను మండించాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయాక ఆ మంట సాయుధ పోరాటంగా మారింది. తర్వాత 1948 పోలీస్ యాక్షన్ దాకా జరిగింది, ఆ తర్వాత మన ఇళ్ళ మీద పడింది వేరే దాస్తాన్. ఆ గాయం గురించి ఇంకోసారి రాస్తాను. ఈ పోస్టుకు కావాల్సింది ఇదొక్కటే: గండిపేట కట్టిన హుకూమతే లెవీ కూడా వసూలు చేసింది. హాకిమ్ ఒక్కడే, దఫ్తర్‌లు అవే. ఒకటి నిలబడింది, ఒకటి కూలింది.

ఫరక్ ఎక్కడుంది? నది అబద్ధం చెప్పదు. కొలిచే కర్రకు భయపడి నీళ్ళు తమ ఎత్తు తగ్గించి చూపించవు. మనిషి భయపడతాడు, దాస్తాడు, పైవాడికి నచ్చేది రాస్తాడు. ఏ మన్సూబాకు కావాల్సిన ఇల్మ్ మనుషుల దగ్గర ఉంటుందో, ఆ మన్సూబా వాళ్ళ జుబాన్ తెరిపించకుండా నడవదు.

ఇది మనకు కొత్త సబక్ కాదు. ఖజూర్ చెట్ల వాఖియా మస్జిద్ బయాన్‌లలో ఎన్నిసార్లు విన్నాం! మదీనా రైతులు ఖజూర్‌కు చేత్తో పరాగం అద్దుతుంటే హుజూర్ (స) అది లేకపోయినా సరిపోతుందేమో అన్నట్టు ఒక మాట అన్నారు. వాళ్ళు మానేశారు, పంట తగ్గింది. అప్పుడు ఆయన, మీ దునియా పనులు మీకే బాగా తెలుసునన్నారు. అల్లాహ్ రసూల్ అంతటివారే చెట్టు సంగతి రైతుకు వదిలిపెట్టారు. మన సెక్రటేరియట్‌కు అంతకంటే ఎక్కువ తెలుసా?

చైనా గురించి పిల్లవాడికి చెప్పాల్సింది

మా పిల్లవాడు చూసేది ఇప్పటి చైనా బుల్లెట్ ట్రెయిన్‌లను. ఆ చైనాయే 1958లో "ముందుకు పెద్ద గెంతు" అని ఒక మన్సూబా వేసింది. పొలాలన్నీ కమ్యూన్‌లలో కలిపేశారు. ఏ జిల్లా ఎంత పండించాలో పైన నిర్ణయించారు. పండలేదని చెప్పిన కింది అఫ్సర్‌పై గద్దారీ ముద్ర పడుతుంది. అందుకని ఒకడు రెట్టింపు పండిందని రాశాడు, పక్క జిల్లావాడు మూడింతలు రాశాడు. కాగితం మీద ఉన్న ఆ పంటలోంచి సర్కార్ తన వాటా వసూలు చేసుకుపోయింది. పల్లెలో తినడానికి ఏమీ మిగల్లేదు. 1959 నుంచి 1961 దాకా ఆ కహత్‌లో పోయినవాళ్ళు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉంటారని చరిత్రకారుల అందాజా.

దానికంటే ముందు సోవియట్ యూనియన్‌లోనూ ఇదే. 1928లో తొలి పంచవర్ష ప్రణాళిక మొదలైంది. ఫ్యాక్టరీలు లేచాయి, అది నిజమే. కానీ 1930ల మొదట్లో యుక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో పోయారు. మన ఇళ్ళల్లో తక్కువ తెలిసింది కజఖ్‌స్తాన్ సంగతి. గొర్రెలు, గుర్రాలు, ఒంటెలు మేపుకుంటూ తిరిగే కజఖ్ ముసల్మాన్‌లను ఒకచోట కూర్చోమని, పశువులను ఇచ్చేయమని మాస్కో హుకుం చేసింది. ఆ గడ్డి మైదానంలో ఒకేచోట ఉంటే బతకలేమని కజఖ్ ముసలివాళ్ళకు తెలుసు. అడిగేవాళ్ళు లేరు. సుమారు 15 లక్షల మంది పోయారు, అందులో ఎక్కువమంది కజఖ్‌లే.

అమర్త్య సేన్ అనేది ఇదే: పత్రికలకు ఆజాదీ ఉండి, ఎలక్షన్ భయం ఉన్న చోట పెద్ద కహత్‌లు రావు. జమ్హూరియత్ హాకిమ్‌కు దయ నేర్పుతుందని కాదు. ఆకలి ఖబర్ దిల్లీ చేరకుండా ఎవరూ ఆపలేరని.

మరి చైనా ఎలా లేచింది? అదీ వినండి. 1978 డిసెంబర్‌లో అన్‌హుయి రాష్ట్రం షియావోగాంగ్ అనే పల్లెలో 18 మంది రైతులు రాత్రిపూట రహస్యంగా ఒక కాగితం మీద వేలిముద్రలు వేశారు. కమ్యూన్ పొలాన్ని ఇంటింటికీ పంచుకుందాం, పట్టుబడి ఎవరైనా జైలుకు పోతే వాళ్ళ పిల్లలను మిగతావాళ్ళు సాకుదాం అని. మరుసటి ఏడు పంట విపరీతంగా పెరిగింది. బీజింగ్ వాళ్ళను శిక్షించకుండా ఆ పద్ధతినే ముల్క్ అంతటా రానిచ్చింది. చైనా తరక్కీ పైవాడి హుకుంతో కాక, పైవాడు కిందివాళ్ళు చేసిన పనిని చూసి ఊరుకోవడంతో మొదలైంది.

షాద్‌నగర్ వాదా, ఆల్గోల్ తీర్పు

మన ముల్క్ మధ్య దారి పట్టింది. 1950 మార్చిలో ప్లానింగ్ కమిషన్ పెట్టారు. అది పార్లమెంట్ చట్టంతో కాక, కేబినెట్ తీర్మానంతో వచ్చింది. పల్లెల తరక్కీ కోసం 1952లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ మొదలుపెట్టారు. ఐదేళ్ళకే దిల్లీకి అర్థమైంది, బ్లాక్ అఫ్సర్‌లు తిరుగుతున్నారు గానీ పల్లెవాళ్ళు ఇది తమ పని అనుకోవడం లేదని. 1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ, ఊరికి ఎన్నుకున్న పంచాయతీలు ఇచ్చి ఇఖ్తియార్ వాళ్ళ చేతుల్లో పెట్టమంది.

ఇక్కడ మన ఇలాఖాకు గర్వకారణం ఒకటుంది. రాజస్థాన్ తర్వాత పంచాయతీ రాజ్ మొదలైంది మన దగ్గరే. 1959 అక్టోబర్ 11న నెహ్రూ స్వయంగా షాద్‌నగర్ వచ్చి ప్రారంభించారు. షాద్‌నగర్ ఎంత దూరమని? శంషాబాద్ మీదుగా పోతే మనకు గంట తొవ్వ. వాదా గొప్పదే. కానీ పంచాయతీలకు పైసా, ఫైసలా రెండూ పై దఫ్తర్‌లలోనే ఉండిపోయాయి. ఎలక్షన్‌లు కూడా ఏళ్ళ తరబడి వాయిదా పడ్డాయి. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చేదాకా పంచాయతీ అన్నది సర్కార్ దయ మీదే నడిచింది.

తర్వాత 1999లో "విజన్ 2020" వచ్చింది. చంద్రబాబు నాయుడు హుకూమత్ మెకిన్సీ అనే అమెరికన్ సలహా కంపెనీ మదద్‌తో తయారుచేయించిన దస్తావేజ్ అది. వ్యవసాయం మీద బతికేవాళ్ళను నూటికి 70 మంది నుంచి 40కి తగ్గించాలన్నది అందులో ఒక నిషానా. మిగతా 30 మంది ఎక్కడికి పోవాలి? ఆ 30 మందిని ఎవరూ అడగలేదు.

అప్పుడు జరిగిన ఒక తజుర్బా గురించి మన పిల్లలకు చెప్పాలి. 2001 జూన్ చివర్లో జహీరాబాద్ దగ్గర ఆల్గోల్ అనే ఊళ్ళో కొన్ని సంస్థలు, యూనివర్సిటీవాళ్ళు కలిసి "ప్రజాతీర్పు" పెట్టారు. అందులో జూరీ చిన్న రైతులు, కూలీలు, ఎక్కువమంది ఔరతులు. సర్కార్‌వాళ్ళు, కంపెనీలవాళ్ళు, శాస్త్రవేత్తలు వచ్చి వాళ్ళ ముందు గవాహీ చెప్పారు. జూరీ అందరినీ సవాల్ అడిగి, చివరికి తన ఫైసలా చెప్పింది: మమ్మల్ని భూమి నుంచి తీసేసే తరక్కీ వద్దు, మా విత్తనాలు, మా పంటలు మా చేతిలో ఉండాలి. ఆ తీర్పుకు కానూన్ తాకత్ లేదు. కానీ చదువురాని ఔరతులు రాష్ట్రం మొత్తం మన్సూబాను కూర్చుని పరిశీలించగలరని అది చూపించింది. అవామ్‌కు ఇవి అర్థం కావు అనే బహానాకు ఆల్గోల్ జవాబు.

రెండు తాలాబ్‌ల మధ్య ఊరు

ఇప్పుడు ఫుప్పా మాటకు వద్దాం.

1996 మార్చి 8న వచ్చింది జీవో 111. ఉద్దేశం మళ్ళీ మంచిదే. గండిపేట, హిమాయత్ సాగర్ నీళ్ళు ఖరాబు కాకూడదు. అందుకని రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కాలుష్యం చేసే కార్ఖానాలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు వద్దన్నారు. కొద్దిపాటి కట్టడాలకే ఇజాజత్, అదీ కఠిన షరతులతో. ఏడు మండలాల్లో 84 గ్రామాలు, 1.32 లక్షల ఎకరాలు. అజీజ్‌నగర్ ఆ 84లో ఒకటి. 2000 డిసెంబర్‌లో ఒక నూనె కార్ఖానా కేసులో సుప్రీం కోర్టు, ఒకళ్ళ కోసం ఈ నిషేధానికి మినహాయింపు ఇవ్వడం కుదరదంది. లక్షల మంది తాగే నీళ్ళ ముందు ఒకరి కారోబార్ ఎంత అన్నది కోర్టు మాటలోని సారం. నేను ఆ ఫైసలాను సహీ అనే అంటాను.

కానీ హిసాబ్ వేసి చూడండి. ఫాయిదా నగరానిది. నుఖ్సాన్ 84 ఊళ్ళది. రోడ్డుకు ఇటు ఎకరం ధర ఒకటి, జీవో దాటాక ఇంకొకటి. నగరం తాగే నీళ్ళ కోసం తన జమీన్ ధర వదులుకున్న రైతుకు నగరం బదులుగా ఏటా ఏమైనా ఇచ్చిందా? బిల్లులో ఒక రూపాయి అతని పేరున వసూలైందా? లేదు.

మా ఫుప్పాకు మూడెకరాలు. పెద్దబ్బాయి షాదీకి ముందు పాత ఇంటిపైన ఒక అంతస్తు వేసుకుందామని ఒక దఫ్తర్‌కు పోయారు. ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు ఏడాది తిరిగింది. చివరికి "జీవో ఉంది కదా" అన్నారు. ఆ రాత్రి ఇంటి వెనక నుంచి చూస్తే దూరాన ఒక ఫంక్షన్ హాల్ లైట్లు, డీజే. అది ఏ ఇజాజత్‌తో లేచిందో ఎవరికీ తెలియదు. ఫార్మ్‌హౌసులు, హాళ్ళు, కాలేజీలు ఇలా లేస్తూనే పోయాయి. పహుంచ్ ఉన్నవాడికి జీవో అడ్డం రాలేదు, లేనివాడికి గోడ అయింది. లెవీలో దేశ్‌ముఖ్ గాదె తప్పించుకున్నట్టే.

పైగా ఊరివాళ్ళు ఆ జీవోను కాపాడలేదు. ఎందుకు కాపాడాలి? తమ మీద రుద్దింది, తమకేమీ ఇవ్వనిది. చెరువులోకి ఎవరు మురికి వదిలినా ముందు కనిపించేది ఒడ్డునున్న ఊరికే. ఆ ఊరి కళ్ళను సర్కార్ తన వైపు తిప్పుకోలేకపోయింది. ఏ మన్సూబాకైనా చౌకీదార్‌లు అవామే. వాళ్ళకు అందులో హిస్సా లేకపోతే వెయ్యిమంది ఇన్స్‌పెక్టర్‌లను పెట్టినా చాలరు.

2022 ఏప్రిల్ 12న జీవో 69 వచ్చింది, నిషేధాలు ఎత్తేస్తామని. 2023 మే 18న కేబినెట్ జీవో 111 రద్దుకు తీర్మానించింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తున్నాయి, ఈ రెండిటి మీద ఆధారం తగ్గింది అన్నారు. టీవీల్లో ఊళ్ళోవాళ్ళ పటాకులు చూపించారు. మా ఫుప్పా పటాకులు కాల్చలేదు. "మా గల్లీల సగం జమీన్ ఎప్పుడో షహర్‌వాళ్ళకు పోయింది. సస్తాకు అమ్ముకున్నోడు అమ్ముకున్నడు. ఇప్పుడు ధర పెరిగితే ఎవరికి?" అన్నారు.

గమనించండి. జీవో వేసిందీ ఎన్నికైన హుకూమతే, తీసేస్తామన్నదీ ఎన్నికైన హుకూమతే. రెండుసార్లూ జమ్హూరియత్ ఉంది, మష్వరా లేదు. కాబట్టి ఐదేళ్ళకోసారి ఓటు వేయడంతో సవాల్ తీరిపోదని నా రాయ్.

ఇంకో ఒడ్డున మా ఖాలా

ఇక్కడిదాకా చదివి, సరే, అజీజ్‌నగర్‌ను అడిగి చేసేస్తే సరి అనుకోకండి. మా ఖాలా చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డు బస్తీలో ఉంటుంది. 2020 అక్టోబర్ వానల్లో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తిన రాత్రి ఆమె సందూక్‌లు అటక మీద పెట్టుకుని తెల్లారిందాకా తస్బీహ్ తిప్పింది. పైన పొలాలన్నీ సిమెంట్ అయితే వాన నీళ్ళు భూమిలో ఇంకవు, నేరుగా నదిలోకే వస్తాయి. అది ఖాలాకు ఏ రిపోర్టూ చదవకుండానే తెలుసు. 2024లో మూసీ ఒడ్డు బస్తీల్లో ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగు గుర్తులు వేసినప్పుడూ ముందు గుర్తు వచ్చింది, తర్వాతే మాట వచ్చింది.

ఒకే ఖాందాన్. ఫుప్పాకు జీవో పోవాలి, ఖాలాకు ఉండాలి. ఇద్దరిదీ హఖే. వీళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడమే అసలు మన్సూబాబందీ. అది చేయకుండా ఒకసారి వీళ్ళ మెడ మీద, ఇంకోసారి వాళ్ళ మెడ మీద కాగితం పెడుతున్నాం.

ఇది ఖయాలీ పులావ్ అనుకుంటారేమో. న్యూయార్క్ నగరం చేసి చూపింది. గండిపేటకు కొన్నేళ్ళ ముందు, 1907లో, ఆ నగరం తన నీళ్ళ కోసం కొండల్లో అశోకన్ జలాశయం మొదలుపెట్టింది. పల్లెలను లేపేసి కట్టింది. ఆ కోపం అక్కడి పల్లెల్లో మూడు తరాలు ఆరలేదు. 1990లో నగరం నీళ్ళ రక్షణ కోసం కొత్త ఆంక్షల ముసాయిదా తెస్తే రైతులు తిరగబడ్డారు. అప్పుడు నగరం తలవంచి వాళ్ళతో కూర్చుంది. ఏళ్ళ తరబడి బేరం ఆడి 1997 జనవరిలో ముఆహిదా చేసుకుంది. ఇష్టపడి అమ్మేవాడి దగ్గరే భూమి కొంటాం, పశువుల పేడ నీళ్ళు, ఇళ్ళ మురుగు వాగుల్లో కలవకుండా చేసే ఖర్చు నగరమే పెట్టుకుంటుంది, ఊళ్ళ రోజ్‌గార్‌కు పైసలిస్తాం అని. ఈ దారితో వందల కోట్ల డాలర్ల ఫిల్టర్ ప్లాంట్ కట్టే అవసరం తప్పింది. మన జీవో వచ్చిన మరుసటి ఏడాదే అది. నీళ్ళ రక్షణ అనే మక్సద్ ఒక్కటే. వాళ్ళు పల్లెలతో సంతకం చేశారు, మన దగ్గర పల్లెల మీద సంతకం పడింది.

నాకు అర్థమైంది ఇది. బాంధ్ ఎంత ఎత్తు ఉండాలో ఓట్లు వేసి తేల్చలేం, అది ఇంజినీర్ పని. కానీ ఆ బాంధ్ ఖర్చు ఎవరి మీద పడుతుందో వాళ్ళను ముందే అడగాలి, కాదనే హఖ్ వాళ్ళకుండాలి, నుఖ్సాన్‌కు బదులు ఇవ్వాలి. ఇది ఇన్సాఫ్ కోసమే కాదు, మన్సూబా నడవడానికి కూడా. అడగని మన్సూబాకు కిందినుంచి సచ్చీ ఖబర్ రాదు, కింద దాన్ని కాపాడే చౌకీదార్ ఉండడు.

మొన్న ఫోన్‌లో మా పిల్లవాడు మళ్ళీ దొరికాడు. ఇదంతా చెప్పాను. "సరే మామూజాన్, అందర్నీ అడుగుకుంట కూసుంటే పని ఎప్పుడయితది?" అన్నాడు. మా ఫుప్పా పక్కనే ఉన్నట్టున్నారు, ఆయన గొంతు వినిపించింది: "అడగకుంట చేసి ముప్పై ఏండ్లాయె. అయిందా?"

మీ ఊళ్ళో గ్రామసభ నోటీసు వస్తే వెళ్ళండి, ఇంట్లో ఔరతులను కూడా తీసుకెళ్ళండి. ఎందుకంటే మనం లేని సభలో కూడా మన పేరు మీద ఇత్తెఫాక్ రాసేస్తారు. లెవీ రోజులో, గండిపేట కింద మునిగిన పొలాల సంగతో మీ దాదా దాదీలు చెప్పినవి గుర్తుంటే రాసి పంపండి. ఆ నస్ల్ వెళ్ళిపోతోంది, ఆ మాటలు ఏ దఫ్తర్ ఫైల్లోనూ లేవు.

ఖుదా హాఫిజ్.